పాత ఇన్నోవా 2.5 డీజిల్: టైమింగ్ బెల్ట్ మార్చిన రికార్డు లేదు, టి-బెల్ట్ లైటు వెలగలేదు. ఆగొచ్చా?

ఎండాడ_ఎక్స్‌ప్రెస్

2009 మోడల్ ఇన్నోవా 2.5 డీజిల్, సెకండ్ హ్యాండ్. టాక్సీ ప్లేటు మీద తిరిగి ఓన్ ప్లేటుకి మారిన బండి. మీటర్లో 1,86,000 చూపిస్తోంది. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో కాయితం ఏదీ లేదు. అమ్మినాయన మాత్రం "లైటు వెలిగినప్పుడు చూసుకోవచ్చు" అంటున్నారు. ఇంజను సౌండు బాగానే ఉంది, పొగ లేదు. వచ్చే వారం ఏడుగురితో వైజాగ్ నుంచి ఎస్.కోట, అనంతగిరి మీదుగా అరకు వెళ్లాలి. వెళ్లొచ్చాక మార్పించొచ్చా, ముందే మార్పించాలా? తెగితే నిజంగా ఇంజను పోతుందా, లేక షెడ్ల వాళ్లు భయపెడుతున్నారా?

ఆటోనగర్_స్పానర్

లైటుకి బెల్టు కనపడదండి. రీసెట్ కొట్టిన రోజు నుంచి అది కిలోమీటర్లు లెక్కపెడుతుంది, అంతే దాని పని. బెల్టు మార్చకుండా లైటు ఒక్కటే ఆర్పేసిన బళ్లుంటాయి, బెల్టు మార్చి రీసెట్ మర్చిపోయిన బళ్లూ ఉంటాయి. పైగా టాక్సీగా తిరిగిన 2009 బండి 1,86,000 దగ్గరే ఉందంటే ముందు అనుమానించాల్సింది మీటర్ని. మీటరు వెనక్కి తిప్పినా, వేరే మీటరు బిగించినా టి-బెల్ట్ లెక్క కూడా దాంతోపాటే గల్లంతు.

మీ బండిలో ఉన్నది 2కెడి-ఎఫ్‌టివి. 2494 సీసీ, 16 వాల్వులు, కంప్రెషన్ 18.5కి 1. ఇందులో డీజిల్ పంపు గేర్ల మీద తిరుగుతుంది. టైమింగ్ బెల్టు తిప్పేది క్యామ్‌నే, అంటే వాల్వుల్ని తెరిచి మూసే కడ్డీని. పిస్టను పూర్తిగా పైకొచ్చాక హెడ్డుకీ (సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం) దానికీ మధ్య మిగిలే సందు చాలా తక్కువ. ఆ క్షణానికి వాల్వులు మూసుకుని తప్పుకోవాలి. బెల్టు తెగితే క్యామ్ ఎక్కడిదక్కడ నిలబడిపోతుంది, కొన్ని వాల్వులు తెరుచుకునే ఉండిపోతాయి. పిస్టన్లకి కింద ఉండే ఇరుసు, అంటే క్రాంకు, మాత్రం బండి వేగానికి తిరుగుతూనే ఉంటుంది. 2000 ఆర్‌పీఎం అంటే క్రాంకుకి సెకనుకి 33 చుట్లు. మీరు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేలోపే దెబ్బలు పడిపోతాయి.

కాబట్టి భయపెట్టడం కాదు, నిజమే. అరకు వెళ్లేముందే మార్పించండి. ఈ ఇంజను మీద ఆ పని పెద్దదేం కాదు, ఒక పూటలో అయిపోతుంది.

ఎన్‌ఏడీ_జంక్షన్

నాదో వేరే మాట. పై కవరు విప్పితే బెల్టు కనిపిస్తుంది కదా. పగుళ్లు లేకుండా, పళ్లు బాగుంటే ఇప్పుడు మార్చడం దేనికి? కెడి ఇంజనుకి ఆస్ట్రేలియాలో లక్షా యాభై వేల కిలోమీటర్లని లెక్క. మన దగ్గర లక్షకే మార్చమంటారు. ఇంజను అదే కుటుంబం, బెల్టూ అలాంటిదే. యాభై వేలు తేడా ఎందుకొచ్చింది మరి?

లాసన్స్_డీజిల్

ఆ తేడా వాతావరణానిది, వాడకానిది. మన బళ్లు ఎండలో, ట్రాఫిక్‌లో గంటలకొద్దీ ఏసీ వేసుకుని ఐడిల్‌లో నిలబడతాయి. ఇంజను తిరుగుతూనే ఉంటుంది, మీటర్లో కిలోమీటరు మాత్రం పెరగదు. మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా సాయంత్రం పూట నడిపిన కిలోమీటరూ, ఖాళీ హైవే మీద నడిపిన కిలోమీటరూ బెల్టుకి ఒకటి కావు. మన సర్వీసు లెక్క లక్ష అన్నప్పుడు పొరుగు దేశం పుస్తకం చూపించి ఆగడం సరికాదు. కిలోమీటర్లు నిండకపోయినా అయిదారేళ్లు దాటిన బెల్టుని నమ్మకూడదు. రబ్బరు కూర్చున్నా ముసలిదవుతుంది.

ఇక కళ్లతో చూడటం సంగతి. ఈ బెల్టులు మామూలు రబ్బరు కాదు, వేడికి తట్టుకునే హెచ్‌ఎన్‌బీఆర్ అనే రకం. లోపల బలమంతా గాజు పోగుల తాళ్లది. పళ్ల మీద నైలాన్ గుడ్డ పొర ఉంటుంది. పాత తరం బెల్టుల వీపు మీద పగుళ్లు ముందే కనపడేవి. ఇప్పటి రబ్బరు పైకి నున్నగానే ఉంటుంది, లోపల పోగులు ఒక్కొక్కటే తెగుతూ పోతాయి. అందుకని పగుళ్లు కనిపిస్తే వెంటనే మార్చాలన్నది నిజం, కనిపించకపోతే బాగున్నట్టే అన్నది అబద్ధం.

అయినా కవరు విప్పి చూడమనే చెప్తాను, వేరే కారణానికి. పంటి మొదట్లో వేలిగోరుతో నొక్కి చూడండి, సన్నటి గీత విచ్చుకుంటే ఆ పన్ను ఊడటానికి సిద్ధంగా ఉందని. బెల్టు అంచు పీచులా లేస్తే పుల్లీ వాలిందనో, ఐడ్లర్ (బెల్టుని దారిలో ఉంచే చిన్న చక్రం) బేరింగు ఆడుతోందనో అనుకోవాలి. కవరు లోపల నల్లటి రబ్బరు పొడి రాలి ఉందా, ఆయిలు తడి ఉందా చూడాలి. ఆయిలు తగిలిన బెల్టు ఉబ్బి మెత్తబడుతుంది. అది తెగదు, పళ్లు గుత్తిగా ఊడి జారుతుంది. ఇంజనుకి జరిగేది మాత్రం ఒకటే.

స్పేర్ల_మావయ్య

బెల్టు ఒక్కటే కొనడానికి వచ్చేవాళ్లే ఎక్కువ. ఇన్నోవాకి తీసుకోవాల్సినవి మూడు: బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే హైడ్రాలిక్ టెన్షనరు, ఐడ్లర్ పుల్లీ. బెల్టు కొత్తది వేసి పాత ఐడ్లర్ ఉంచితే, ఆ బేరింగు పట్టేసిన రోజు కొత్త బెల్టు కూడా తెగుతుంది. పోయే ఇంజనుకి బెల్టు కొత్తదా పాతదా అన్న తేడా ఉండదు. వాటర్ పంపు ఈ ఇంజన్లో టైమింగ్ బెల్టు మీద లేదు, బయటి బెల్టు మీద ఉంది. కాబట్టి కారుతుంటేనో, బేరింగు ఆడుతుంటేనో తప్ప దాన్ని కదపక్కర్లేదు. బయటి బెల్టు ఎలాగూ విప్పుతారు గనక అది పాతదైతే అప్పుడే మార్చేయండి.

కొనేటప్పుడు చాసిస్ నంబరు చెప్పి అడగండి. "ఇన్నోవా బెల్టు" అంటే ఏదో ఒకటి చేతిలో పెడతారు. డబ్బాలో ఉన్న బెల్టే కొనండి. కొన్ని షాపుల్లో బెల్టులు గోడకి మేకు మీద వేలాడుతుంటాయి. ఆ మేకు దగ్గర బెల్టు బిగువుగా వంగి నెలల తరబడి ఉంటుంది, అక్కడే గాజు పోగులు లోపల విరుగుతాయి. పైకి ఏమీ తెలీదు. బెల్టుని మడవకూడదు, తిరగేసి చూడకూడదు, చిన్న చుట్ట చుట్టి జేబులో పెట్టుకోకూడదు. దీని మీద స్ప్రే, గ్రీజు, సబ్బు ఏవీ పనికిరావు.

టయోటా డబ్బా అయినా సరే, గేట్స్, బాండో, మిత్సుబోషి లాంటివైనా సరే, బిల్లు ఇచ్చే చోట కొనండి. నకిలీ డబ్బా అసలు దానికన్నా మెరుస్తుంది. అక్షరాల ముద్ర వేలితో రుద్దితే చెరిగిపోతుంటే వద్దు. ధర సగానికి సగం తక్కువ చెప్తే అస్సలు వద్దు.

ఎండాడ_ఎక్స్‌ప్రెస్

సరే, ముందే మార్పిస్తాను. షెడ్డు దగ్గర నిలబడి చూస్తాను గానీ ఏం చూడాలో చెప్పండి. వాళ్లు సరిగ్గా చేశారో లేదో నాకెలా తెలుస్తుంది?

ఆటోనగర్_స్పానర్

చెప్తాను, కొంచెం పెద్దదే.

ఇంజను పూర్తిగా చల్లారాక మొదలెట్టాలి. బ్యాటరీ నెగటివ్ తీస్తారు. ఫ్యాను కవరు, బయటి బెల్టు, ఫ్యాను విప్పుతారు. పై గొట్టం అడ్డొస్తే కొంచెం కూలెంటు దించుతారు. దాన్ని శుభ్రమైన డబ్బాలో పట్టమనండి, కింద పారబోస్తే మళ్లీ పోసేది చాలాచోట్ల కుళాయి నీళ్లే. తర్వాత టైమింగ్ పై కవరు. దాని బోల్టులకి 10 నంబరు స్పానరు సరిపోతుంది. ఉక్కు బోల్టులు అల్యూమినియంలో కూర్చుని ఉంటాయి, సముద్రపు గాలికి పట్టేస్తాయి. బీచ్ రోడ్డు పక్క అపార్టుమెంట్ల బళ్లకి ఇది మరీ ఎక్కువ. గట్టిగా తిప్పితే బోల్టు తల తెగి మరలోనే ఉండిపోతుంది. ముందురోజు రాత్రే తుప్పు విడిపించే ఆయిలు కొద్దిగా వేసి ఉంచితే మంచిది, కానీ అది బెల్టు వైపు కారకూడదు. ఈ ఇంజనుకి కింద క్రాంకు పుల్లీ ఊడదీయక్కర్లేదు. ఎవరైనా దానికి లేబరు వేస్తే ఎందుకని అడగండి.

ఇప్పుడు అసలు పని. క్రాంకుని పుల్లీ బోల్టు దగ్గర స్పానరు పెట్టి సవ్యదిశలోనే తిప్పి మొదటి సిలిండర్ని పైకి తెస్తారు. క్యామ్ పుల్లీ మీద గుర్తు, కింద బెల్టు పుల్లీ మీద గుర్తు రెండూ వాటి వాటి గీతల ఎదురుగా రావాలి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు. కాబట్టి కింద గుర్తు కలిసి పైది కలవకపోతే ఇంకో చుట్టు తిప్పాలి. పాత బెల్టు తీయకముందే ఆ రెండు గుర్తుల ఫొటో మీ ఫోన్లో తీసుకోండి. పాత బెల్టు మీద తెల్ల పెయింటుతో గీతలు పెట్టి వాటినే కొత్తదానికి ఎక్కించే అలవాటు కొందరికుంది. పాతది అప్పటికే ఒక పన్ను జారి ఉంటే ఆ తప్పు కొత్తదానికీ ఎక్కుతుంది. పుల్లీ గుర్తులే ప్రమాణం.

టెన్షనరు బోల్టులు రెండూ ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా వదులు చేయాలి, ఒకటి పూర్తిగా తీసేస్తే రెండోది అడ్డంగా లాగి మర పాడవుతుంది. బెల్టు తీశాక క్యామ్‌ని గానీ క్రాంకుని గానీ విడిగా తిప్పకూడదు. బెల్టు తెగకపోయినా వాల్వు వంగేది ఇక్కడే, షెడ్డులోనే.

బెల్టు ఊడాక ఆయిలు సీళ్లు చూడండి. క్యామ్ సీలు దగ్గర తడి ఉంటే సీలు మార్చి, ఆ చోటంతా గుడ్డతో తుడిచి, పొడిగా అయ్యాకే కొత్త బెల్టు. పాత బెల్టుకి ఆయిలు తగిలి ఉంటే, కారణం వెతక్కుండా కొత్తది వేయడం డబ్బు దండగ.

కొత్త హైడ్రాలిక్ టెన్షనరు పిన్నుతోనే వస్తుంది, బిగించాక లాగేయడమే. పాతదే వాడతామంటే దాని కడ్డీని నేలకో గోడకో ఆనించి రెండు చేతులతో గట్టిగా నొక్కండి. లోపలికి దిగిందంటే అది పోయింది. దిగకపోతే వైసులో పెట్టి చాలా నెమ్మదిగా నొక్కి, రంధ్రాల్లోంచి సన్నటి అలెన్ కీ దూర్చి ఆపుతారు. సుత్తితో కొట్టి లోపలికి దించేవాళ్లని చూస్తే పని అక్కడితో ఆపించేయండి.

బెల్టుని చేత్తోనే ఎక్కించాలి. స్క్రూడ్రైవరుతో మీటితే అంచు పోగులు తెగుతాయి. బెల్టు మీద బాణం ఉంటే అది తిరిగే దిశ. టెన్షనరు లేని వైపు బెల్టు బిగువుగా, టెన్షనరు వైపు మాత్రమే వదులుగా ఉండేలా ఎక్కించాలి. పిన్ను లాగాక క్రాంకుని చేత్తో, నెమ్మదిగా రెండు నిండు చుట్లు తిప్పి మళ్లీ గుర్తులు చూడాలి. మీరు దగ్గరుండి చూడాల్సింది ఇదే. చాలామంది ఈ రెండు చుట్లు ఎగ్గొట్టి నేరుగా సెల్ఫు కొట్టేస్తారు. తిప్పేటప్పుడు ఎక్కడైనా గట్టిగా ఆగితే బలం పెట్టకూడదు, వెనక్కి వచ్చి మళ్లీ చూసుకోవాలి.

చివర్న టి-బెల్ట్ లెక్క రీసెట్. మీటర్లో ట్రిప్ బటన్‌తో చేస్తారు, మోడల్ని బట్టి పద్ధతి మారుతుంది. కవరు మీద చెరగని పెన్నుతో తేదీ, కిలోమీటర్లు రాయించండి.

చోడవరం_చక్రం

మాది క్వాలిస్ అండి, బెల్టు బండే. దానికీ ఇంతేనా? మా మేస్త్రి "క్వాలిస్‌కి ఏటీ అవదు బాబూ, పాత ఇంజను" అంటన్నాడు.

లాసన్స్_డీజిల్

క్వాలిస్‌లో ఉన్నది 2.4 లీటర్ల 2ఎల్ ఇంజను. ఇందులో బెల్టు క్యామ్‌తోపాటు డీజిల్ పంపుని కూడా తిప్పుతుంది. అందుకని మార్కులు మూడు చోట్ల కలవాలి: క్రాంకు, క్యామ్, పంపు. పంపు ఒక పన్ను తప్పితే వెంటనే ఏదీ విరగదు, కానీ స్టార్టింగ్ కష్టమవుతుంది, పొగ వస్తుంది, ఇంజను కొట్టుకుంటుంది. క్యామ్ తప్పితే ఏం జరుగుతుందో పైనే ఉంది. పాత ఇంజనైనా డీజిల్ డీజిలే, లోపల ఖాళీ అంతంతే.

దీనికి ఇంకో తంటా ఉంది. పంపు ముందు సీలు పాతబడితే డీజిల్ టైమింగ్ కవరు లోపలికే కారుతుంది. బయటికి చుక్క కనపడదు, బెల్టు మాత్రం డీజిల్లో నానుతుంటుంది. కవరు కింది అంచు దగ్గర డీజిల్ వాసన వస్తే బెల్టు తేదీతో పనిలేదు, విప్పి చూడాల్సిందే. 2ఎల్‌కి కింద క్రాంకు పుల్లీ కూడా ఊడాలి గనక లేబరు ఇన్నోవా కన్నా ఎక్కువే అవుతుంది. ఎలాగూ అంత విప్పుతారు కాబట్టి ముందు క్రాంకు సీలు కూడా అప్పుడే వేయించేయండి.

మధురవాడ_ఎంపీవీ

నిస్సాన్ ఎవాలియా, రెనో లాడ్జీ వాళ్లు కూడా ఇది చదువుతుంటే: రెండింటిలోనూ ఉన్నది కె9కె 1461 సీసీ డీజిల్. బెల్టే, తెగితే వాల్వులు పోయే ఇంజనే. ఇన్నోవా సులువు దీనికి లేదు. ఇంజను అడ్డంగా ఉంటుంది, కుడి మౌంటింగ్ విప్పాలి, ఇంజనుకి కింద జాకీ ఆన్చాలి, క్రాంకు పుల్లీ తీయాలి. డీజిల్ హై ప్రెషర్ పంపు, వాటర్ పంపు రెండూ ఇదే బెల్టు మీద. కాబట్టి వాటర్ పంపు కలిసిన కిట్టే కొనండి. లేదంటే ఆర్నెల్లకి పంపు కారి కొత్త బెల్టు మీద కూలెంటు పడుతుంది.

క్రాంకునీ క్యామ్‌నీ పిన్నులు పెట్టి లాక్ చేసి చేయాల్సిన పని. పిన్నులు లేని షెడ్డులో "అందాజుగా కలిపేస్తాం" అంటే అక్కణ్ణుంచి వచ్చేయండి. క్రాంకు పుల్లీ బోల్టు కొత్తది వేయాలి, టార్కు పెట్టాక కోణం లెక్కన తిప్పి బిగించేది, పాతది అప్పటికే సాగి ఉంటుంది.

దీనికి ప్రత్యేకంగా ఒక జబ్బుంది. బయటి బెల్టు, అంటే ఏసీనీ ఆల్టర్నేటర్నీ తిప్పేది, చిరిగితే ఆ పీచు క్రాంకు పుల్లీ వెనక నుంచి టైమింగ్ కవరులోకి దూరి లోపలి బెల్టుని పళ్లు తప్పిస్తుంది. వంద రూపాయల వస్తువుని పట్టించుకోక లక్షల ఇంజను పోయేది ఇలాగే. బయటి బెల్టు అంచు పీచుగా లేచినా, కిచకిచలాడినా వాయిదా వెయ్యొద్దు.

ఎన్‌ఏడీ_జంక్షన్

వంద రూపాయలకి అంత పెద్ద బెల్టు ఎక్కడొస్తుంది గురూ 😀 మిగతాదంతా ఒప్పుకుంటున్నా. బెల్టు బళ్లేవో, చైను బళ్లేవో ఎవరైనా ఒక్క చోట చెప్పండి.

లాసన్స్_డీజిల్

చైను: ఇన్నోవా పెట్రోల్, ఇన్నోవా క్రిస్టా డీజిళ్లు రెండూ, ఎర్టిగా 1.3 డీజిల్, ఎర్టిగా పెట్రోల్, హోండా మొబిలియో, డాట్సన్ గో ప్లస్. బెల్టు: 2005 నుంచి క్రిస్టా వచ్చేదాకా అమ్మిన ఇన్నోవా 2.5 డీజిల్, క్వాలిస్, ఎవాలియా, లాడ్జీ డీజిల్, పాత 796 సీసీ ఓమ్నీ. చైను అనగానే జన్మకి సరిపోతుందనుకోకండి. ఆయిలు మార్పు వాయిదా వేస్తే చైను టెన్షనరు పోయి, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు గలగలమంటుంది. కాకపోతే అది ముందు అరిచి చెప్తుంది. బెల్టు చెప్పదు.

చోడవరం_చక్రం

మరి దార్లో తెగిపోతే ఏటి సెయ్యాల? తోసి స్టార్టు సెయ్యొచ్చా?

గాజువాక_లేతు

తొయ్యొద్దు. సెల్ఫు కొట్టొద్దు. గేర్లో పెట్టి లాగించొద్దు. ఈ మూడింటిలో ఏది చేసినా మొదటిసారి మిగిలిన వాల్వులు రెండోసారి పోతాయి.

ఆనవాళ్లు ఇవి: నడుస్తున్న బండి ఒక్కసారిగా ఆగిపోతుంది, కొన్నిసార్లు టక్కుమని శబ్దం వస్తుంది. తెలియక సెల్ఫు కొట్టినవాళ్లకి ఇంజను మామూలు బరువు లేకుండా గిర్రున తిరిగినట్టు వినిపిస్తుంది, కంప్రెషన్ లేదు కాబట్టి. అనంతగిరి దిగుడులో ఇలా జరిగితే ముందు చూసుకోవాల్సింది ఇంజనుని కాదు. ఇంజను ఆగితే స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకు బూస్టరులో మిగిలింది రెండు మూడు నొక్కులే. బ్రేకు పంపింగ్ చేయకుండా ఒకే నొక్కులో గట్టిగా నొక్కిపెట్టి పక్కకి ఆపాలి, హ్యాండ్ బ్రేకు వేసి చక్రాల కింద రాళ్లు పెట్టాలి. క్లచ్చి నొక్కి ఉంచితే ఇంజను తిరగడం ఆగుతుంది, కొన్ని వాల్వులైనా దక్కొచ్చు. తర్వాత న్యూట్రల్లో పెట్టి క్రేనుతో దించుకోవడమే.

షెడ్డుకి వచ్చాక వెంటనే హెడ్డు దింపమని చెప్పకండి. ముందు పై కవరు తీసి బెల్టు తెగిందా, పళ్లు ఊడాయా, టెన్షనరు విరిగిందా చూడాలి. తర్వాత మార్కులు కలిపి, బెల్టు ఎక్కించి, క్రాంకుని చేత్తో రెండు చుట్లు తిప్పాలి. తేలిగ్గా తిరిగితే లీక్ డౌన్ టెస్టు: గ్లో ప్లగ్గు రంధ్రంలోంచి సిలిండర్లోకి గాలి పట్టి వినాలి. ఎయిర్ ఫిల్టరు వైపు గాలి శబ్దం వస్తే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్లో వస్తే ఎగ్జాస్ట్ వాల్వు. నాలుగూ బాగుంటే అదృష్టం. ఐడిల్లో ఆగిన బళ్లకి అప్పుడప్పుడు ఉంటుంది, 80 మీద పోతూ తెగినవాటికి ఆశ పెట్టుకోవద్దు.

హెడ్డు దింపితే వంగిన వాల్వు మార్చడంతో పని అయిపోదు. గైడు పగిలిందేమో, సీటు దెబ్బతిందేమో, క్యామ్ మీద గీతలు పడ్డాయేమో, క్యామ్ క్యాపులు చిట్లాయేమో చూడాలి. డీజిల్లో వాల్వులు నిటారుగా ఉంటాయి గనక దెబ్బ నేరుగా పైకి పోయి క్యామ్‌నే విరిచిన సందర్భాలున్నాయి. వాల్వు తల విరిగి సిలిండర్లో పడితే పిస్టను, లైనరు అన్నీ పని. పిస్టను మీద చిన్న అచ్చు పడితే ఫర్వాలేదు, గోరు దిగే పగులుంటే పిస్టను మార్చాలి.

అందరూ వదిలేసేది కనెక్టింగ్ రాడ్డు. డయల్ గేజి పెట్టి నాలుగు పిస్టన్లూ పైకొచ్చినప్పుడు బ్లాకు మట్టం మీద ఎంతెంత పొడుచుకొస్తున్నాయో కొలవాలి. మూడు ఒకేలా ఉండి ఒకటి తక్కువ ఉంటే దాని రాడ్డు వంగింది. ఇది చూడకుండా హెడ్డు మాత్రం కొత్తగా చేసి బిగిస్తే కొన్నాళ్లకి ఆ రాడ్డు బ్లాకుని పగలగొడుతుంది. కెడి ఇంజనుకి హెడ్డు గాస్కెట్ మందం కూడా ఆ కొలతని బట్టే, అంచున గాట్ల సంఖ్య చూసి గ్రేడు తీసుకోవాలి. "పాతది ఏదుంటే అదే" కాదు, ముఖ్యంగా హెడ్డు మట్టం చేయించాక.

ఇంజెక్టర్లు తీస్తారు కాబట్టి వాటి కింద రాగి వాషర్లు తప్పకుండా కొత్తవి వేయాలి. పాతవి వేస్తే మంట గాలి ఆయిల్లోకి దిగి మసి గడ్డకట్టి, సంపులో (ఇంజను కింది ఆయిలు తొట్టి) ఆయిలు పీల్చే జల్లెడ మూసుకుపోతుంది. కెడి ఇంజన్లలో ఇది పేరుపడ్డ జబ్బు. సంపు విప్పి ఆ జల్లెడని ఒకసారి చూస్తే పోయేదేం లేదు.

ఎన్‌ఏడీ_జంక్షన్

ఇంత పని బదులు సెకండ్ హ్యాండ్ ఇంజను దించేస్తే చవక కాదా? పైగా ఇన్సూరెన్స్ ఏమైనా వస్తుందా?

గాజువాక_లేతు

ఇన్సూరెన్స్ రాదు. మామూలు పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్ ఉండదు. బెల్టు తెగి బండి దేన్నైనా గుద్దితే ఆ గుద్దుకి క్లెయిము వేసుకోవచ్చు, వాల్వులకి కాదు.

సెకండ్ హ్యాండ్ ఇంజను కొన్నిసార్లు చవకే. కానీ దాని బెల్టు వయసు మీకు తెలీదు, అంటే మళ్లీ ఈ చర్చ మొదటికే. ఇంజను నంబరు మారుతుంది కాబట్టి ఆర్టీవో దగ్గర అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించాలి, అది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కిందకి వస్తుంది. అమ్మినవాడి బిల్లు, ఆ ఇంజను ఏ బండిదో కాయితాలు లేకపోతే ఎక్కించరు. ఎక్కించకుండా తిప్పితే ఎక్కడో చెకింగ్‌లో దొరికినప్పుడు దొంగ ఇంజను అనుమానం మీ మీదే. బ్లాకు పగలకపోతే హెడ్డు పనే మేలు. లేతు షాపులో వాల్వు సీట్లు కటింగ్, గైడ్లు, హెడ్డు మట్టం, ప్రెషర్ టెస్టు నాలుగూ ఒకే చోట రాయించుకోండి.

స్పేర్ల_మావయ్య

ఇంకోటి. పోర్టు వైపు, స్టీల్ ప్లాంటు వైపు తిరిగే బళ్లకి టైమింగ్ కవరు అంచున ఉండే రబ్బరు సీలు ముఖ్యం. ఒకసారి కవరు విప్పితే పాత సీలు చిరుగుతుంది, దాన్ని వదిలేసి కవరు బిగిస్తారు. ఆ సందులోంచి బొగ్గు దుమ్ము, ఇసుక లోపలికి పోయి పళ్ల మధ్య నూరుకుంటాయి. సీలు అడిగి వేయించండి. వానాకాలం రైల్వే వంతెనల కింద ఫ్యాను మట్టం దాకా నీళ్లలో దిగిన బండైతే కవరు విప్పి ఐడ్లర్ బేరింగు తిప్పి చూడాలి. గరగరమంటే గ్రీజు కొట్టుకుపోయింది.

ఎండాడ_ఎక్స్‌ప్రెస్

చాలా థాంక్సండి. బెల్టు, టెన్షనరు, ఐడ్లర్, కవరు సీలు, బయటి బెల్టు రాసుకున్నాను. సీళ్లు విప్పాక చూసి. పని అయ్యాక నేరుగా అరకు వెళ్లిపోవచ్చా?

ఆటోనగర్_స్పానర్

ఒకరోజు ఊళ్లోనే తిప్పండి. మొదటి స్టార్టుకి ముందు కూలెంటు నిండిందా, ఫ్యాను బోల్టులు నాలుగూ బిగిశాయా చూడండి. స్టార్ట్ అయ్యాక ముందు నుంచి గరగర గానీ, బెల్టు కవరుకి రాసుకుంటున్న శబ్దం గానీ ఉండకూడదు. స్టార్టింగ్ ఆలస్యమైనా, ఎక్కుడులో లాగుడు తగ్గినా, స్కానర్లో క్యామ్ క్రాంకు సిగ్నళ్లు పొంతన లేవని కోడు వచ్చినా ఒక పన్ను తప్పిందని అనుకుని మళ్లీ కవరు విప్పించాలి, "సెట్ అవుతుంది లెండి" అంటే ఒప్పుకోవద్దు. సింహాచలం కొండ ఎక్కి దిగితే పరీక్ష అయిపోతుంది. దిగాక బానెట్ ఎత్తి గొట్టాల క్లిప్పుల దగ్గర తడి ఉందేమో, చల్లారాక రిజర్వాయరులో కూలెంటు మట్టం తగ్గిందేమో చూడండి.

పాత బెల్టూ, పాత ఐడ్లరూ అక్కడే వదిలేయకుండా అడిగి తీసుకోండి. బెల్టు మీద బ్రాండు, తయారీ అచ్చు ఇంకా చదవగలిగితే దాని వయసు తెలుస్తుంది. ఆ మీటరు ఎంత నిజం చెప్తోందో కూడా దాన్నిబట్టి కొంత అర్థమవుతుంది. ఫొటో ఇక్కడ పెట్టండి.